లోపల వదిలిన గుడ్డ

బట్టలు కుట్టించుకోడానికి నా దగ్గరికి ఎవరొచ్చినా, కొలతలు తీశాక నేను అడిగే మాట ఒకటుంది. "లోపల ఎంత వదలమంటారు?" పెద్దవాళ్ళైతే సిగ్గుపడుతూ నవ్వి, పక్కల్లో ఓ వేలెడు వదలమంటారు. ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని. పిల్లల సంగతి వేరు. పక్కల్లోనే కాదు, కింద అంచులో, చేతుల చివర, భుజాల దగ్గర కూడా గుడ్డ మడిచి దాచాలి. ఏడాది తిరక్కుండానే గౌను మోకాళ్ళు దాటి పైకెక్కుతుంది. అప్పుడు మడత విప్పి మళ్ళీ కుట్టుకుంటే ఇంకో ఏడాది లాగించవచ్చు. ఎన్నేళ్ళుగానో అడుగుతున్న ప్రశ్న ఇది. నిద్రలో తట్టి లేపినా నా నోట ఇదే వస్తుంది.

వీధి మలుపులో ఒంటి గది నా కొట్టు. కిటికీ పక్కన మిషను, మధ్యలో గుడ్డలు కత్తిరించే బల్ల, గోడకి నిలువుటద్దం, దాని ముందు కొలతలిచ్చేవాళ్ళు ఎక్కి నిలబడేందుకు చెక్క పీట. మూల కుర్చీలో కాజాల పిన్ని ఉంటుంది. ఆవిడ నాకు వరసకి పిన్నీ కాదు, మరేమీ కాదు. గుండీలకి కాజాలు తీయడం, అంచులు చేత్తో మడిచి కుట్టడం ఆవిడ పని. నోటికి గుండీ పెట్టుకోకపోవడం ఆవిడ గుణం. నాకేమో ముక్కు మీద కోపం. మా ఇద్దరినీ భరించగలిగినవాళ్ళే మా కొట్టుకి వస్తారు.

ఆ రోజు పొద్దున్నే ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎప్పుడూ చూసిన మొహాలు కావు. తల్లికి ముప్పై దాటి ఎంతో కాలం అయుండదు, కానీ కళ్ళ కింద అప్పుడే నల్లగా గుంటలు పడ్డాయి. సంచిలోంచి మెరిసే ఎర్ర గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

"వదినా, అమ్మాయికి పెళ్ళి గౌను కుట్టాలి. తొందరగా కావాలి, ఈ వారంలోనే పెళ్ళి."

మా వీధిలో అందరికీ నేను వదిననే. కొత్తావిడ కూడా ఎవరి దగ్గరో విని అలాగే పిలిచింది.

"ఈ వారంలో పెళ్ళి పెట్టుకుని ఇప్పుడా రావడం? నాకేమన్నా పది చేతులున్నాయా?" అని కసిరాను. కసురుతూనే గుడ్డ విప్పి చూశాను. మంచి గుడ్డ. "ఆది తెచ్చావా?"

ఆది అంటే సరిగ్గా సరిపోయే పాత బట్ట. అదుంటే సగం కొలతలు తీసే పని తప్పుతుంది.

"నా స్కూలు గౌను ఉందిగా, అది నాకు కరెక్టుగా..." అంటూ పిల్ల ఏదో చెప్పబోయింది. తల్లి దాని మోచెయ్యి గిల్లింది.

"ఒంటి మీదే తీసుకో వదినా."

పిల్లని పీట ఎక్కించాను. ఎక్కడం అంటే ఎక్కడమా, రెండు కాళ్ళూ కలిపి ఒక్క గెంతు గెంతింది. టేపు ఒంటికి తగిలినప్పుడల్లా కితకితలని మెలికలు తిరిగిపోయింది. మోచేతి మీద ఎండిన దెబ్బ, ఎక్కడో పడి గీరుకుపోయినట్టుంది. చెయ్యి చాచమంటే రెండూ చాచి అద్దంలో తనని తాను చూసుకుని, "పక్షిలా ఉన్నానా అత్తా?" అంది.

"ఉన్నావు, ఎగిరిపోకు," అన్నాను. కాజాల పిన్ని కుర్చీలోంచి కిసుక్కుమంది.

"అత్తా, జేబు పెడతారా?"

"పెళ్ళి బట్టలకి జేబేంటే, నవ్విపోతారు," అంది తల్లి.

"చేతులు పెట్టుకోడానికమ్మా. అందరూ చూస్తుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు నాకు."

నడుమూ పొడుగూ సుద్దముక్కతో బల్ల మీదే రాసుకున్నాను. అలవాటు ప్రకారం తల ఎత్తకుండానే అడిగాను. "లోపల ఎంత వదలమంటావు?"

"కింద నాలుగు వేళ్ళు, చేతులకి రెండు వదులు వదినా," అంది ఆవిడ, బజారులో కూరలు అడిగినంత మామూలుగా. "ఎదిగే పిల్ల కదా."

 పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. నేను తల ఎత్తి చూస్తే తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. పిల్లకి బట్టలు కుట్టించిన ప్రతిసారీ చెప్పే మాటే చెప్పేసింది పాపం. ఎక్కడ చెబుతోందో, దేనికి చెబుతోందో గుర్తొచ్చేసరికి మాట దాటిపోయింది.

"పిల్ల వయసెంత?" అన్నాను.

"పందొమ్మిది."

"పందొమ్మిదేళ్ళ దానికి ఇంకా నాలుగు వేళ్ళు ఎదుగుదలా? తాడిచెట్టుని కన్నావా?"

"కుట్టు వదినా," అంది గొంతు తగ్గించి. "నన్నేమీ అడక్కు. మా బావగారు కుదిర్చిన సంబంధం. మా ఆయన పోయాక మమ్మల్ని చూస్తోంది బావగారే. నా చేతుల్లో ఏముంది?"

పిల్ల పీట మీద నిలబడి మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. టేపు విసిరికొట్టి పొమ్మందామనుకున్నాను. పొమ్మంటే ఏమవుతుంది? పక్క వీధిలో ఇంకో కొట్టు ఉంది. అక్కడ ఏ ప్రశ్నా అడగకుండా కుట్టి ఇస్తారు. నోరు మూసుకుని గుడ్డ మడిచి పెట్టాను. సరిచూసుకోడానికి ఎప్పుడు రావాలో చెప్పి పంపించాను.

వాళ్ళు వీధి దాటగానే పిన్ని మొదలెట్టింది. "ఇంతలేసి కళ్ళు చేసుకుని చూస్తావేం అమ్మాయ్? మనకెందుకొచ్చిన గొడవ. కుట్టి ఇచ్చెయ్యి. ఊరి తగువులన్నీ నెత్తిన పెట్టుకుంటే ఈ కొట్టు మూసుకోవాల్సిందే."

"నీ పెళ్ళినాటికి నీకెన్నేళ్ళు పిన్నీ?"

"ఏమో. ఎవరు లెక్కపెట్టారు గనక?" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. సూదిలోకి దారం ఎక్కించబోయి, ఎక్కక, దారం చివర నాలిక మీద పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. "ఎవరికి చెప్పాలో వాళ్ళకి ఫోను చెయ్యి," అంది చివరికి.

నేనేమీ దేవతని కాదు, ఆ మాట ముందే చెబుతున్నా. బల్ల మీద ఆ ఎర్ర గుడ్డ పరుచుకుని చాలాసేపు ఆలోచించాను. మగదిక్కు ఉన్న ఇంటి మీద నోరెత్తితే రేపు కొట్టు ముందుకొచ్చి యాగీ చేస్తారు. వచ్చే నాలుగు బేరాలూ రాకుండా చేస్తారు. అదీ భయమే. కానీ పీట మీద చేతులు చాచిన పిల్ల కళ్ళ ముందునుంచి పోలేదు. పిల్లల రక్షణ ఆఫీసులో పనిచేసే ఆవిడ బట్టలు నా దగ్గరే కుట్టించుకుంటుంది. ఆవిడకి ఫోను చేశాను.

ఆఫీసరమ్మ ఆ మధ్యాహ్నమే వచ్చింది. పల్చటి మనిషి, మెల్లగా మాట్లాడుతుంది, ఎవరి మీదా గొంతు పెంచదు. నేను చెప్పిందంతా విని నిట్టూర్చింది.

"పద్దెనిమిది నిండనిదే పెళ్ళి చెయ్యకూడదండీ. చేస్తే చేసినవాళ్ళూ, చేసుకున్నవాడూ, దగ్గరుండి జరిపించినవాళ్ళూ అందరూ శిక్షకి అర్హులే. పిల్ల ఒప్పుకుందన్నా చెల్లదు. ఒప్పుకోడానికి తగిన వయసు కాదనే కదా ఆ గీత గీసింది."

"మరి బట్టలు కుట్టినవాళ్ళు?" అంది పిన్ని.

"మీరు ఇంకా కుట్టలేదు కదమ్మా," అంది ఆవిడ, నవ్వకుండానే.

ముందే వాకబు చేసుకుని వచ్చిందట, అసలు చిక్కు చెప్పింది. ఆ కుటుంబం ఈమధ్యే వేరే ఊరి నుంచి వచ్చింది. పిల్ల చదివిన బడికి ఇప్పుడు సెలవులు, తెరిచేసరికి పెళ్ళి అయిపోతుంది. పిల్ల పెదనాన్న, అదే ఆ బావగారు, ఎక్కడో పలుకుబడి వాడి పందొమ్మిదని కాగితం పుట్టించాడు. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా పెళ్ళి ఆపమంటే పైవాళ్ళు తననే నిలదీస్తారంది. "కన్నతల్లి ఒక్క మాట చెబితే చాలు. నిలబడ్డ పాటున ఆపేస్తాను. కానీ తల్లి నోరు విప్పాలి."

"విప్పదు. బావగారంటే గజగజలాడుతోంది," అన్నాను.

"సరిచూసుకోడానికి వస్తారన్నారు కదా. ఆ టైముకి నేనూ వస్తాను. దాక్కోను, ఎదురుగానే కూర్చుంటాను. ఆవిడకి నన్ను చూసే అవకాశం అయినా దొరుకుతుంది."

గౌను కుట్టాను. కుట్టకుండా ఉంటే వాళ్ళు రారు. కత్తెర పెట్టిన ప్రతిచోటా చెయ్యి వెనక్కి లాగినట్టయింది. ఆవిడ అడిగినట్టే కింద నాలుగు వేళ్ళు, చేతులకి రెండు వేళ్ళు లోపలికి మడిచాను. పిన్ని అంచు చేత్తో కుట్టింది. పైకి కుట్టు కనబడకుండా, విప్పుకునేటప్పుడు గుడ్డ చిరగకుండా కుట్టడంలో ఆవిడకి ఆవిడే సాటి. కుడిపక్క కుట్టులో, మడతల చాటున, ఎవరికీ తెలియకుండా ఒక జేబు పెట్టాను. 

అనుకున్న రోజు ముగ్గురు వచ్చారు. తల్లి, పిల్ల, వెనకాల పెదనాన్న. పెద్ద మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, గదిలో అడుగుపెట్టగానే గది ఇరుకైపోయింది. ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచి తనెవరో చెప్పింది. అమ్మాయి వయసు గురించి మాట్లాడాలంది.

ఆయన నా వంక చూసిన చూపుకి నేను అక్కడే మాడిపోవాలి. కానీ ఆఫీసరమ్మతో మాత్రం పంచదార పలుకులు. "అడగండి మేడం, దాపరికం ఏముంది? పందొమ్మిది నిండాయి. కాగితం ఉంది, చూసుకోండి." జేబులోంచి తీసి ఇచ్చాడు. ముందే సిద్ధంగా పెట్టుకుని తిరుగుతున్నాడంటే చూడండి.

"మీరు చెప్పండమ్మా," అంది ఆఫీసరమ్మ తల్లి వైపు తిరిగి.

ఆవిడ నేల చూపులు చూస్తూ, "బావగారు చెప్పిందే," అంది.

"ఈలోగా గౌను తొడిగి చూసెయ్యమ్మా, మాకు బోలెడు పనులున్నాయి," అన్నాడు ఆయన నాతో.

తెర వెనక పిల్లకి గౌను తొడిగాను. బయటికి వచ్చి పీట ఎక్కింది. ఈసారి గెంతలేదు, గౌను కాళ్ళకి అడ్డం పడుతుందని మెల్లగా ఎక్కింది. అద్దంలో చూసుకుంటే దాని మొహం దానికే కొత్తగా ఉన్నట్టుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కలకి ఆనించింది. కుడి చెయ్యి మడతల్లోకి జారింది.

"జేబు! అమ్మా, జేబుందే!" అని అరిచింది. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పెట్టి, పీట మీదే గిరుక్కున తిరిగి పకపకా నవ్వింది. అంతమంది బిగుసుకుపోయి నిలబడ్డ గదిలో అదొక్కతే నవ్వుతోంది. తల్లి మొహం చూడలేక నేను పక్కకి తిరిగాను. 

ఇంకాగలేకపోయాను. ముందూ వెనకా చూసుకోకుండా పీట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గౌను అంచు తిరగేసి ఆఫీసరమ్మకి చూపించాను. "చూడండి. నాలుగు వేళ్ళ గుడ్డ లోపల మడిచి ఉంది. చేతులు చూడండి, రెండు వేళ్ళు. పెళ్ళికూతురు ఇంకా పొడుగు పెరుగుతుందని ఎవరైనా గుడ్డ దాస్తారా? ఇది పసిపిల్ల గౌనండీ, పసిపిల్ల గౌను!"

పెదనాన్న తడబడలేదు. "కుట్టడం చేతగాక గుడ్డ మిగిల్చేసి మడిచి పారేసింది. ఈవిడ పొరపాటుకి మా పిల్ల వయసు తగ్గిపోతుందా మేడం? పనీ పాటా రానివాళ్ళ దగ్గరికి రావడం మాదే తప్పు. ఏం మరదలా, నేను చెప్పలేదూ ఇంకో చోటికి పోదామని?"

నన్ను ఎవరేమన్నా పడతానేమో గానీ, నా చేతి పనిని అంటే పడను. అయినా ఆ క్షణంలో ఏమని వాదించను? నిజమే కదా, ఆ మడత ఎవరు వదలమన్నారో గుడ్డ చెప్పదు. నేను చెబితే నా మాటకి విలువేముంది?

"ఆవిడ పొరపాటు కాదు," అంది తల్లి.

ఎవరూ వినలేదనుకుందో ఏమో, మళ్ళీ అంది. "ఆవిడ పొరపాటు కాదు బావగారూ. ఆవిణ్ణి ఏమీ అనకండి. నేనే వదలమన్నాను."

"నువ్వు ఊరుకో," అన్నాడాయన.

ఆవిడ ఊరుకోలేదు. పీట దగ్గరికొచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. తిరగేసిన అంచు చేత్తో పట్టుకుని, ఆ మడత మీద వేళ్ళు జరుపుతూ మాట్లాడింది. మా ఎవరి వైపూ చూడలేదు.

"నా పెళ్ళి బట్టలకి మా అమ్మ కూడా ఇలాగే వదలమంది. నాకు పద్నాలుగు. అత్తారింట్లో ఏడాది తిరక్కుండా పొట్టయిపోయాయి. నేనే కూర్చుని విప్పుకున్నాను. కింద అంచూ విప్పాను, పక్కలూ విప్పాను. పొడుగూ పెరుగుతున్నాను, కడుపూ పెరుగుతోంది. రెండూ ఒక్కసారే. నాకు తెలీక మా అత్తని అడిగాను, ఏది ముందు ఆగుతుందీ అని. ఆవిడ నవ్వింది."

 అంచు సర్ది మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ బిడ్డ దక్కలేదు. నేను బతకననుకున్నారు. తర్వాత రెండు మూడేళ్ళకి ఇది పుట్టింది. దీనికి పదిహేను కూడా నిండలేదు మేడం. ఎండలు తగ్గాక నిండుతాయి. కన్నదాన్ని నేను చెబుతున్నాను. రాసుకోండి."

పెదనాన్న ఏవేవో అరిచాడు. మతి పోయిందన్నాడు, విశ్వాసం లేనిదన్నాడు, ఇక తన గడప తొక్కితే ఊరుకోనన్నాడు. ముప్పై దాటిన పెళ్ళికొడుకు ముందు తన పరువేం కావాలన్నాడు. ఆఫీసరమ్మ మెల్లగానే, "మీరు బయట నిలబడండి, మీతో తర్వాత మాట్లాడతాను," అని ఫోను తీసింది. పిన్ని లేచివెళ్ళి తలుపు తీసి పట్టుకుంది. ఆయన వెళ్ళేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.

పిల్ల పీట మీదే ఉంది. చెయ్యి ఇంకా జేబులోనే ఉంది. "అమ్మా, నాకు పెళ్ళి లేదా?" అంది.

"లేదు."

"మరి మనం ఇంటికెళ్ళమా?"

 తల్లి పిల్ల నడుము పట్టుకుని, దాని పొట్టలో మొహం దాచుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు. నా కంటి నీళ్ళు నా కుట్టు మీదే పడ్డాయి.

పెళ్ళి ఆగింది. పెదనాన్న ఇంటి తలుపులు మూసుకున్నాయి. ఆఫీసరమ్మ కొన్నాళ్ళు వాళ్ళిద్దరినీ ఆడవాళ్ళ వసతి గృహంలో ఉంచింది. తర్వాత మా వెనక సందులో చిన్న గది చూసుకున్నారు. సుఖపడిపోయారని చెప్పను. ఆ ఇంట్లో తిండికి లోటు లేదు, ఈ గదిలో ఉంది. చుట్టాల్లో ఒక్కరూ తొంగిచూడలేదు. వీధిలో ఆ ఈడు పిల్లలు మొదట్లో చెవులు కొరుక్కునేవారు, ఇది ఏడుస్తూ ఇంటికొచ్చేది. తల్లి మా కొట్టులో పనికి కుదిరింది. పిన్నికి చూపు తగ్గుతోంది, అంచుల పని ఈవిడ చేస్తోంది. ఆ ఎర్ర గౌను ఏం చెయ్యాలని నేనడిగితే, బ్లేడు తీసుకుని తనే ఒక్కో కుట్టూ విప్పింది. విప్పడం బాగా వచ్చు ఆవిడకి. ముక్కలన్నీ మడిచి బల్ల కింద పెట్టేసింది, మళ్ళీ వాటి ఊసెత్తలేదు.

బడి తెరిచే ముందు ఒక సాయంత్రం తల్లి స్కూలు గౌనుకని నీలం గుడ్డ పట్టుకొచ్చింది. పిల్లని పీట ఎక్కించాను. కితకితలు తగ్గలేదు గానీ, ఎత్తు అప్పుడే ఓ వేలు పెరిగింది. మోకాలి మీద కొత్త దెబ్బ, మళ్ళీ ఎక్కడో పడ్డట్టుంది.

"జేబులు రెండు పెట్టాలి," అంది పిల్ల.

"పెడతాలే, కదలకు."

కొలతలు రాసుకున్నాను. అలవాటు ప్రకారం అడగబోయి ఆపుకున్నాను. ఆవిడ ముందు ఆ మాట అనడానికి మనసొప్పలేదు. తల దించుకుని గుడ్డ సర్దుతూ కూర్చున్నాను. కాసేపు చూసి ఆవిడే అంది.

"ఏం వదినా, లోపల ఎంత వదలాలో అడగవా?"

"ఎంత వదలను?"

"ఎంత గుడ్డ మిగిలితే అంతా వదులు. ఎదిగే పిల్ల."

సుద్దముక్క తీసుకుని గీత గీశాను.